ట్యాంకు మూత

కారు ఎందుకు ఆగిందో తేలేదాకా మీతో మాట్లాడనని కార్ల మేస్త్రితో ఆయన భార్య తెగేసి చెప్పింది.

కారు వంతెన మీద ఆగి ఉంది. కొడుకు కింద ఏట్లో శవమై దొరికాడు. మధ్యలో ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. కారు మొరాయిస్తే చూద్దామని దిగి, విరిగిన రెయిలింగు దగ్గర కాలు జారాడని కొందరన్నారు. కారు ఆగలేదు, వాడే ఆపాడని మరికొందరు గొణిగారు. లోకులు పలుగాకులు. ఆ రెండో మాట తిరిగి తిరిగి తల్లి చెవిన పడింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. కన్నకొడుకు పోవడం ఒక ఎత్తు, తనను కాదనుకుని పోవడం ఒక ఎత్తు.

అది తాత వయసున్న కారు. మేస్త్రి దాన్ని తుక్కులోంచి ఏరి తెచ్చి, నట్టు నట్టూ విప్పి బిగించి, ఈమధ్యే ఆకుపచ్చ రంగు వేసి కొడుకు చేతికిచ్చాడు. పాత బండ్ల జబ్బులు కుదర్చడంలో ఆయనది అందెవేసిన చేయి.

ఆ ఉదయం షెడ్డుకు బావమరిదిని కూడా ఆయనే పిలిపించాడు. తానొక్కడే చూసి చెబితే భార్య నమ్మదని ఆయనకు తెలుసు. బావమరిది మోటారు పంపులు బాగుచేస్తాడు. యంత్రం సంగతి ఏదో చెప్పి బుకాయిస్తే ఊరుకునే రకం కాదు.

మేస్త్రి బానెట్ ఎత్తాడు. కళ్లలో నిద్ర లేదు. గోళ్ల కింద మసి, రంగు. మెకానిక్ చేతులు ఎప్పుడు శుభ్రంగా ఉన్నాయి గనక. ఒక్కొక్కటే విప్పి చూపించాడు. పెట్రోలు పంపు బాగానే కొడుతోంది. ఫిల్టరులో నలుసు లేదు. కార్బురేటరు గిన్నెలో నీటిచుక్క లేదు. పైపులు ఎక్కడా కారడం లేదు. ఒక్కొక్కటీ బాగుందని తేలుతున్నకొద్దీ, గుమ్మంలో నిలబడ్డ భార్య ముఖం పాలిపోతోంది.

"అన్నీ బాగానే ఉన్నాయి కదా బావా," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "పైగా మర్నాడు పోలీసులు తాళం తిప్పగానే స్టార్టయిందట."

"నడిపి చూద్దాం. ఎక్కండి," అన్నాడు మేస్త్రి.

ముగ్గురూ ఎక్కారు. కారు బుద్ధిమంతుడిలా బజారు దాటింది, గోదాములు దాటింది. వంతెన ఎత్తు మొదలయ్యేసరికి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. నడిమికి చేరేలోపే ప్రాణం వదిలేసింది. ఎంత తాళం తిప్పినా అందుకోలేదు.

మేస్త్రి దిగి వెనక్కు వెళ్లి ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడైంది. అది భార్యకూ వినిపించింది. ఈసారి కాసేపు తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

ఆయన మూతను బావమరిది చేతిలో పెట్టాడు. దాని మధ్యలో సూది పట్టేంత రంధ్రం ఉండాలి. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. ఆ రంధ్రం ఆకుపచ్చ రంగుతో పూడిపోయి ఉంది. గాలి అందకపోతే పెట్రోలు ముందుకు రాదు, బండి ఆగిపోతుంది. రాత్రంతా నిలబెడితే ఆ సందునా ఈ సందునా గాలి చేరి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. బావమరిది మూతను వెలుతురుకేసి పెట్టి చూశాడు. వెలుతురు రాలేదు. ఒప్పుకున్నట్టు తలూపి మూతను బావకు తిరిగిచ్చాడు.

"రంగు వేసింది నేనే," అన్నాడు మేస్త్రి. "వేశాక చూసుకోలేదు."

భార్య కారు దిగి వచ్చింది. "అయితే వాడు కారు చూడ్డానికే దిగాడా?"

"కారు చూడ్డానికే దిగాడు."

కొడుకు పోయిన నాటినుంచి రాయిలా ఉన్న మనిషి ఒక్కసారిగా భోరుమంది. బిడ్డ తనను వదిలిపోవాలనుకోలేదు. ఇంటికి రావాలనే అనుకున్నాడు. ఆ మాటే పైకి అనుకుంటూ, గుండెల్లోది ఖాళీ అయ్యేదాకా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి మొగుడి వైపు తిరిగింది.

"వాణ్ణి చంపింది మీరు. ఇక నాకు మీ ముఖం చూపించకండి."

మేస్త్రి తల వంచుకున్నాడు. ఆ కారెక్కడం ఇష్టంలేక, బావమరిది అక్క భుజం పట్టుకుని తన ఇంటివైపు నడిపించుకుపోయాడు.

వాళ్లు మలుపు తిరిగాక, మేస్త్రి జేబులోంచి గుండుసూది తీసి మూత రంధ్రంలోని రంగును నిదానంగా గీకేశాడు. నిన్న పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ వంతెన మీదుగా ఎన్నిసార్లు తిప్పినా కారు ఒక్కసారైనా ఆగకపోయేసరికి, అగ్గిపుల్ల కొనతో ఆ రంగుచుక్కను అక్కడ పెట్టింది ఆయనే.