అసలు కాగితం తెస్తేనే

"సంతకం మాత్రం పెట్టను," అంది ఇస్త్రీ అత్త. "మీ తాత దిగొచ్చినా నాచేత పెట్టించలేడు."

వసూళ్ల మనిషి ఇలాంటి మాటలు చాలా విన్నవాడే. నవ్వి ఊరుకున్నాడు. బల్ల మీదున్న దుప్పట్ల దొంతరను పక్కకి జరిపి, తన సంచీ పెట్టుకున్నాడు.

తొమ్మిదేళ్ల కిందట అత్త వాయిదాల మీద బట్టలుతికే మిషను కొంది. ఆర్నెల్లకే అది మూలపడింది. అయినా పళ్లబిగువున రెండేళ్లు వాయిదాలు కట్టింది. ఆ తర్వాత అప్పిచ్చిన కంపెనీయే బోర్డు తిప్పేసింది. పీడా వదిలిందనుకుంది అత్త. ఇన్నేళ్లకి, పేరైనా వినని ఇంకో కంపెనీ ఆ బాకీని కొనుక్కుందట. వడ్డీకి వడ్డీ కట్టి, మిషను ఖరీదుకి మూడింతలు తేల్చింది. కట్టకపోతే ఇప్పుడున్న కొత్త మిషను ఎత్తుకుపోతామంటోంది. అది పోతే హాస్టల్ దుప్పట్ల పని పోతుంది. ఆ పని పోతే అత్త ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"అంతా ఒకేసారి కట్టమంటున్నానా పెద్దమ్మా," అన్నాడతను, గొంతుకి తేనె పూసుకుని. "ఇవాళ ఓ ఐదొందలిచ్చి, ఇక్కడ ఓ సంతకం పడేయండి. మిగతాది మెల్లగా చూసుకుందాం."

"ఐదొందలిస్తే చచ్చిన బాకీకి మళ్లీ ప్రాణమొస్తుంది. గడువు దాటి ఎన్నేళ్లయింది?"

అతను కాస్త తగ్గాడు. "ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"వకీలుగారి నల్లకోట్లు ఇరవై ఏళ్లుగా నేనే ఇస్త్రీ చేస్తున్నా. కోటు అయ్యేదాకా ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని కేసులన్నీ చెబుతాడు. నాకు చెవులున్నాయి. అసలు కాగితం తెస్తేనే మాట్లాడమని ఫోన్లో చెప్పానా లేదా?"

"తెచ్చానండీ," అంటూ నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు.

అత్త తొందరపడలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చేతిలోని చొక్కా కాలర్ లోపల ఆకుపచ్చ దారంతో రెండు కుట్లు వేసి తెంపింది. అది ఎదురుగా ఉన్న మందుల షాపాయన గుర్తు. ఎర్ర దారం మూడు కుట్లయితే వకీలుగారిది. ఇన్నేళ్లలో ఒక్క బట్టా ఇల్లు తప్పలేదు. అప్పుడు కళ్లజోడు కొంగుతో తుడిచి పెట్టుకుని, మొదటి కాగితం మీద వేలు ఆనించింది. వేలు మెల్లగా కదిలింది. ఒకచోట ఆగింది.

"ఇదేంటి నాయనా?"

అతను వంగి చూశాడు. "అది ఇన్సూరెన్సండీ. అందరికీ వేస్తారు."

"నేనడిగానా?"

"అడగలేదనుకోండి."

వేలు ఇంకాస్త దిగింది. మళ్లీ ఆగింది. ఈసారి అత్త కళ్లజోడు పైనుంచి అతని ముఖంలోకి చూసిందంతే.

"ఆ సర్వీస్ చార్జీ మీద కూడా వడ్డీ పడిపోయింది," అన్నాడతను. "కంప్యూటర్ పొరపాటు. మా తప్పు కాదు."

అత్త కాగితం తిప్పింది. "మరి ఇక్కడ?"

"బాకీ మా చేతికొచ్చినప్పుడు మీకు ఉత్తరం రావాలి. మావాళ్లు పంపలేదనుకుంటా."

గుమ్మడికాయల దొంగ అని అత్త ఇంకా ఎవరినీ అననేలేదు. అతను మాత్రం భుజాలు తడుముకుంటూనే ఉన్నాడు. నాలుగో కాగితం దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి అతనికే తెలిసొచ్చి, ఓపిక నశించింది.

"ఇవన్నీ ఎందుకు పెద్దమ్మా? కింద మీ సంతకం ఉందా లేదా? ఇదిగో, ముత్యాల్లాంటి అక్షరాలు."

"నా సంతకమా?"

అత్త ఆ గీతల వంక చూసింది. అతని వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది.

అతని ముఖాన కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు. "గోడౌన్లో పాత కాగితాలు తడిసిపోతే, ఆఫీసులో ఎవరో మళ్లీ రాసి..." అని మిగతాది మింగేశాడు.

నవ్వు ఆగాక అత్తకి ఒళ్లు మండింది. "తినీ తినక రెండేళ్లు కట్టాను. నాలుగు నెలలుగా వీధంతా వినేలా నన్ను దొంగన్నారు. సాయంత్రం వకీలుగారు కోటుకోసం వస్తారు. ఆయనా చూస్తాడు ఈ ముత్యాలు."

"నా ఉద్యోగం పోతుందమ్మా."

"అయితే రాయి. అసలు కాగితం మా దగ్గర లేదు, ఈ బాకీ వసూలుకి రాదు, ఇక ఈ గడప తొక్కం అని. స్టాంపు కూడా కొట్టు."

రాశాడు. స్టాంపు కొట్టాడు. కాగితం ఆమె ముందుకి తోశాడు.

"ఈ కోడిగీతలు నేను చదవాలా? నువ్వే చదువు. గట్టిగా."

చదివాడు. మందుల షాపాయన తల బయటపెట్టి మొత్తం విన్నాడు.

"ఆ నాలుగు కాగితాలు ఇచ్చేస్తారా?" అనడిగాడు వసూళ్ల మనిషి, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

"ఇవ్వను. నువ్వు మళ్లీ రానన్నాళ్లూ అవి నా పెట్టె దాటవు."

అతను వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అత్తకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. మిగిలిన దుప్పట్లు హాయిగా మడతపెట్టుకుంది.

కాసేపటికి దుప్పట్లకోసం వచ్చిన హాస్టల్ గుమాస్తా నెల డబ్బులిచ్చి పుస్తకం తెరిస్తే, అత్త ఎప్పటిలాగే ఎడమచేతి బొటనవేలికి సిరా అద్దుకుని, ఎక్కడ ముద్ర వేయాలో చూపించమంది.