నిద్రలో గుండె లెక్క

“మిషను ఆపు! లే! డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం!”

సెకండ్ల మావయ్య రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని ఊగిపోతున్నాడు. గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఒక్క సెకండు వెనకబడే గడియారాన్ని కూడా కొట్టు గడప దాటనివ్వడు మరి. వెనక గదిలో కిటికీ పరదాలు కుడుతున్న ఆయన భార్య, అంటే మన అత్తయ్య, తలెత్తి చూసింది.

“ఏమైందండీ?”

“ఏమైందా? తగ్గుతుందేమోనని నెల్లాళ్ళు చూశాను. నిన్న యాభై ఎనిమిది, ఇవాళ అరవై రెండు! నిద్రలో నీ గుండె తైతక్కలాడుతోందే!”

కూతురు కొనిపెట్టిన ఒకేలాంటి పట్టీలు చేతికి కట్టుకుని పడుకుంటున్నారు మొగుడూ పెళ్ళాలు. గుండె చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఎంతెంత మారుతోందో సెకండులో వెయ్యో వంతుల్లో లెక్కగట్టి, పొద్దున్నే ఎవరిది వాళ్ళ ఫోనులో చూపిస్తాయవి. ఎడం మారిందంటే మావయ్యకు తెలిసిన అర్థం ఒక్కటే. యంత్రం పాడైందని!

“నాది చూడు, పదిహేడు! మొదట్లో నాదీ ఇలాగే గంతులేసింది. డాక్టరు, డాక్టరు అని నా ప్రాణం తీశావు. వెళ్ళానా? నా గుండెను నేనే దారికి తెచ్చుకున్నాను. అది నీ వల్ల అవుతుందా?”

“నా వల్ల ఎక్కడవుతుందండీ. పదండి,” అంది అత్తయ్య. ఇల్లు కూలినా కుట్టు సగంలో వదలని మనిషి, అప్పటికే చెప్పులేసుకుని నిలబడింది. ఆ తొందర చూసి మావయ్యకు ఇంకా కంగారు పుట్టింది.

ఆయన బర్రున షట్టరు దించేశాడు. బయట ఒకాయన అలారం గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నాది ఆగిపోయిందండీ, కాస్త...”

“రేపు రావయ్యా! ఇక్కడ మనిషే ఆగిపోయేట్టుంది!”

క్లినిక్ ఆ వీధి చివరే. అత్తయ్య చకచకా రెండడుగులు వేసిందో లేదో, మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“అంత జోరుగా నడవకు!”

“మరి ఎగరనా?”

“జోకులు కూడా వద్దు. నవ్వితే గుండెకు శ్రమ!”

క్లినిక్‌లో బెంచీ నిండా జనం. మావయ్య ఎవర్నీ చూడకుండా తలుపు తోసుకుని లోపలికి దూరబోయాడు. దగ్గుతున్న పెద్దమనిషి ఒకాయన, “లైనుంది బాబూ,” అన్నాడు.

“నీ దగ్గు గంటసేపు ఆగుతుంది. మా ఆవిడ గుండె ఆగదు!” అనేసి, లోపల డాక్టరమ్మ బల్ల మీద రెండు ఫోన్లూ ఠపీమని పెట్టాడు.

“ఇది మా ఆవిడది. నెల రోజుల లెక్క. ఉన్నదున్నట్టు చెప్పండి తల్లీ. కొట్టు అమ్మమంటే అమ్మేస్తాను. నా గుండె తీసి ఆవిడకి పెడతామన్నా సరే, అది బ్రహ్మాండంగా ఉంది, తీసుకోండి!”

డాక్టరమ్మ ఫోను చూసి నవ్వింది. మావయ్యకు ఒళ్ళు మండిపోయింది.

“నవ్వుతారేంటమ్మా!”

“మావయ్యగారూ, గుండె గడియారం కాదండీ. నిద్రలో ఊపిరి పీల్చేటప్పుడు కాస్త త్వరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. ఆ తేడా బాగా ఉందంటే ఒంటికి విశ్రాంతి దొరుకుతున్నట్టు. ఈ వయసులో అరవై రెండంటే, హాయిగా నిద్రపోతున్న గుండె ఇది.”

“అంటే... పెద్ద అంకె మంచిదా?”

“మామూలుగా మంచిదే.”

“ఏం కాదా?”

“ఏమీ కాదు!”

మావయ్య కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు. “విన్నావటే! ఏమీ కాదట!” అని అరిచి, తలుపు తీసి, బయట దగ్గుతున్న పెద్దమనిషికి కూడా ఆ కబురు చెప్పొచ్చాడు. ఆ సంతోషంలో ఆయనకు కళ్ళద్దాలు తడిసిపోయి ఏమీ కనిపించడం లేదు. అత్తయ్య పరిస్థితీ అంతే. “హమ్మయ్య, హమ్మయ్య,” అంటూ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టుంది ఆవిడకి.

ఈలోగా డాక్టరమ్మ రెండో ఫోను అందుకుంది. నవ్వు తగ్గించింది.

“ఈ పదిహేడు ఎవరిది?”

“నాదేలెండి. అది వదిలెయ్యండి.”

“వదిలెయ్యడానికి లేదు. ఈ ఒక్క అంకె చూసి జబ్బని చెప్పలేం కానీ, నెలంతా ఇలా దిగుతూనే వస్తోంది. ఈ గుండె రాత్రిళ్ళు కూడా కాపలా కాస్తున్నట్టుంది, ఒక్క క్షణం కూడా నడుం వాల్చడం లేదు. ఇప్పుడే ఈసీజీ తీద్దాం. చొక్కా విప్పి ఆ బల్లెక్కండి.”

ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవారు. మావయ్య మాత్రం పెళ్ళికొడుకులా బల్లెక్కి కూర్చున్నాడు.

“ఓస్, నాదేగా! తీసుకోండమ్మా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి! ఏమే, నువ్వు బాగున్నావు, నాకది చాలు. నాదంటావా, తుడిచి రెండు చుక్కలు నూనె వేస్తే అదే నడుస్తుంది!”

నర్సు వైర్లు అందుకుంది. అత్తయ్య గబగబా వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఆవిడ మొహంలో ఇందాకటి సంతోషం ఇంకా అలాగే ఉంది.

“ఆయన్ని దింపండమ్మా, ఆ బల్ల ఎక్కాల్సింది నేను,” అంది అత్తయ్య. “తన కోసమైతే ఈ గడప తొక్కరని, నా కోసమైతే పరుగెత్తుకొస్తారని, నెల్లాళ్ళుగా రోజూ రాత్రి ఆయన పట్టీ నేను కట్టుకుని, నాది ఆయన చేతికి కడుతున్నాను.”