చెవులు లేని బొమ్మ

"ఇది నువ్వే నాన్నా!" అంటూ ఫ్రౌకా బొమ్మని నా ముందు పెట్టింది.

గుడ్ల అట్టపెట్టె నోరు, పాలసీసా మూతలు కళ్ళు, గిన్నెలు తోమే పీచు మీసం. సింటర్‌క్లాస్ పండక్కి చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళని వెక్కిరిస్తూ ఏదో ఒకటి చేసివ్వాలి. ఈసారి నా కూతురికి నా పేరొచ్చింది. పెట్టుబడి సున్నా, పోలిక నూటికి నూరు.

"చెవులు మర్చిపోయావే తల్లీ."

"మర్చిపోలేదు. నీకెందుకవి? నేనేం చెప్పినా వినవుగా."

"బేరమొచ్చి కింద మన కొట్టు గంట మోగితే వినిపించొద్దూ?"

"అది నీ కాళ్ళకే వినిపిస్తుంది. నా మాట మధ్యలోనే లేచిపోతాయి."

బేరానికి దిగాను. "చిన్న చెవులైనా పెట్టవే."

"నువ్వే పెట్టుకో. జిగురు ఆరేదాకా వదలకూడదు."

జున్ను డబ్బా మూత కత్తిరించి, రెండు చెవులూ అతికించి పట్టుకున్నాను. ఫ్రౌకా బడి కబుర్లు మొదలుపెట్టింది.

కింద గంట మోగింది. కాళ్ళు కదిలాయి. జిగురు అప్పటికే ఆరిపోయింది.

"ఆరిందా నాన్నా?"

"ఇంకా తడిగానే ఉంది. ఊఁ, తర్వాత?"

కొట్టు పెట్టాక నష్టానికి ఆడిన అబద్ధం ఇదొక్కటే.