అదరని ఫుట్‌పాత్

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, అమ్మడూ. ఆ రోజుల్లో ఫుట్‌పాత్ మీద నడుం వాలిస్తే చాలు, రాయి అదిరిపోయి మనిషిని లేపేసేది. అలా అదిరే రాళ్లని ఊరంతా కౌన్సిలర్ వీర్రాజే పెట్టించాడు. ఇల్లు లేని మా బాగోగులు చూసే ఉద్యోగికి జీతం ఇవ్వకుండా మూడేళ్లు అడ్డుపడ్డాడు. చివరికి ఆ ఉద్యోగం మాలో పెరిగిన మరిడమ్మకే వచ్చింది. చేరిన రోజే మా నలభైమందినీ వీర్రాజు ఇంటి గేటు ముందు ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టింది.

"ఇక్కడెందుకే?" అని అరిచాడు.

"మీ కుక్క నిద్ర కోసం ఇదొక్కటే అదరకుండా ఆపించారుగా, బాబుగారూ!"

"లేపవే వీళ్లని!"

"పడుకోబెట్టడమే నా ఉద్యోగం. లేపడానికి జీతం లేదు."

మూడోనాటికి ఊరంతా ఆ అదురు ఆపించాడు. అయినా నేను కదల్లేదే! ఇంకో నెల ఆ గేటు ముందే, కసితీరా గురకపెట్టి పడుకున్నాను. ఇది మర్చిపోకు, నీ పిల్లలకీ చెప్పు.