చప్పుడైతేనే వెలిగే దీపం

మా కాలేజీ క్వార్టర్స్‌లో మెట్ల దీపాలు చప్పుడైతేనే వెలుగుతాయి. చైనాలో ఇంగ్లీషు చెబుతూ ముసలివాణ్ణయిన నేను, అందుకే దగ్గుతూ ఎక్కుతాను. పై అంతస్తు క్వాంగ్ నా అడుగులు వినగానే చప్పట్లు కొట్టి దీపం వెలిగించేవాడు. "మీ అమెరికా మోకాళ్ళు ఇంతేనా మాస్టారూ!" అని నవ్వేవాడు. మొన్న చలికాలంలో పోయాడు.

ఈ రాత్రి నేను ఎక్కుతుంటే పైన చప్పట్లు వినిపించాయి. దీపం వెలిగింది. క్వాంగ్ భార్య అనుకున్నాను.

"ఎందుకు వదినా శ్రమ?" అన్నాను.

"నేనిక్కడున్నాను మాస్టారూ."

క్యాబేజీ సంచితో ఆమె నా వెనకే ఎక్కుతోంది.

ఇద్దరం నిలబడిపోయాం. కాసేపటికి దీపం ఆరిపోయింది. అలవాటుగా దగ్గబోయాను. ఆమె నా కోటు పట్టుకుని ఆపింది.

"దగ్గకండి," అంది గుసగుసగా. "ఆయన్నే వెలిగించనివ్వండి."