చెరిపే హక్కు

పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంది.

కంప్యూటర్ ఆపరేటర్ ప్రసన్నకుమార్ దాన్ని ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. అయినా ఖాళీనే. స్కూలు కంప్యూటర్ గదిలో మాస్టార్లంతా అతని వీపు వెనకే నిలబడి ఉన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

స్వర్ణోత్సవ సంచిక మొత్తం అందులోనే ఉంది. పాత కంప్యూటర్లో చోటు చాలక, స్కూలంతటికీ ఉన్న ఆ ఒక్క డ్రైవులోనే దాచారు. తెల్లారితే గుంటూరు ప్రెస్సుకు పంపాలి. పాత విద్యార్థుల ఫొటోల కోసం తెలుగు టీచర్ లిడియా మండుటెండలో మిరప కల్లాల వెంబడి తిరిగింది.

"పొన్నూరు నుంచి కొత్తపట్నం దాకా తిరిగానండీ! ఇప్పుడు మళ్లీ ఏ మొహం పెట్టుకుని అడగను?" అందామె.

స్కూలు కమిటీ సెక్రటరీ జాన్ బాషా ఊరుకునే మనిషి కాదు. స్కూలు కంప్యూటర్‌ను నడిపే లైనక్సు పైసా ఖర్చు లేకుండా వస్తుందని తెలిసి అప్పట్లో అందరికంటే ముందు సంబరపడిందీ ఆయనే.

"భద్రమన్నావు కదయ్యా! ఇదేనా భద్రం? అసలిందులోవి ఎవరెవరు చెరపొచ్చు?"

ప్రసన్నకుమార్ తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"అందరూ చెరపలేరండి. సంచిక పూర్తయ్యాక డ్రైవును మౌంట్ చేసేటప్పుడే, అంటే సిస్టమ్‌కి తగిలించేటప్పుడే, ఎవరికి ఏ హక్కో సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టాం. మిగతావాళ్లు తెరిచి చూడగలరంతే. రాసేదీ చెరిపేదీ ఒక్కరేనండి."

"ఆ ఒక్కడివీ నువ్వేగా?"

అతను తల దించుకున్నాడు. "తప్పు జరిగిపోయిందండి."

హెడ్మాస్టరు అంకయ్యగారు కుర్చీలోంచి లేచారు. నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నారు. సన్మానం రోజే సంచిక రావాలి. ప్రసన్నకుమార్‌కు అక్షరాలు దిద్దించిందీ, ఈ కాంట్రాక్టు ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

"నిన్న సాయంత్రం కూర్చుని పేజీ పేజీ చూశాన్రా. ఎంత ముచ్చటగా ఉందో! అంతా మంటగలిపావు. నలుగురిలో నా పరువు తీశావు కదరా!"

ప్రసన్నకుమార్ సిగ్గుతో చితికిపోయాడు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. ఆ గదిలోంచి ఎలాగైనా మాయమైపోతే బాగుండుననిపించింది.

"వచ్చే ఏడాదికి వేరే మనిషిని చూసుకుంటాంలే," అన్నాడు జాన్ బాషా.

ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక్కొక్కరే బయటికి నడిచారు. అంకయ్యగారు చివరగా కదిలారు. తన తర్వాత వచ్చే మాస్టారికి బోర్డు శుభ్రంగా అప్పజెప్పడం ఆయనకు ఉద్యోగంలో చేరిననాటి నుంచీ అలవాటు. డస్టర్ అందుకుని, బోర్డు మీద ఉన్నదంతా తుడిచేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

ఒంటరిగా మిగిలిన ప్రసన్నకుమార్ గబగబా సెట్టింగుల ఫైలు తెరిచి, చెరిపే హక్కున్న ఆ ఒక్కరి పేరు దగ్గర 'అంకయ్య' అని ఉన్నది తీసేసి, తన పేరు కొట్టాడు.