బిగ్ రెయిన్ అనరు

“బిగ్ రెయిన్ అనరు!”

అరుణాదేవి బల్ల మీద గట్టిగా చరిచింది. ఎదురుగా కూర్చున్న రేణుక ఉలిక్కిపడింది.

“మరి పెద్ద వాననే కద మేడం?”

“తెలుగుల పెద్ద వాన. ఇంగ్లీషుల హెవీ రెయిన్. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

“ఇంకొక్కసారి చెప్పండి మేడం.”

“హెవీ రెయిన్! హెవీ రెయిన్!”

కింద కిరాణా దుకాణంలో కందిపప్పు తూస్తున్న ముకుందానికి ఆ కేక వినబడింది. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద కింద దుకాణం, పైన ఇల్లు. లారీల మోతను దాటుకుని భార్య గొంతు వచ్చేసరికి ఆయనకు నవ్వొచ్చింది. గిరాకీ అడగకుండానే పిడికెడు పప్పు ఎక్కువ వేశాడు.

అరుణాదేవి రిటైరయ్యేదాకా ఇంగ్లీషు టీచరు. ఆ తర్వాత మేడ మీద గదిలో ట్యూషన్ పెట్టింది. ఎండాకాలంలో దవాఖానలో పడి లేచినప్పటి నుంచి అది బంద్. మళ్లీ ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం రమ్మంటే చెయ్యి విదిలించి గోడ వైపు తిరిగి పడుకునేది. పిల్లలు లేని ఆ గదిని చూస్తే మాత్రం ఆమెకు ఏడుపు ఆగేది కాదు. అది చూడలేక చివరికి ముకుందం ఒక బేరం పెట్టాడు.

“హిమాయత్‌నగర్ నుంచి రేణుక అని ఒక పిల్ల వస్తది. ఇంటర్వ్యూ ఉన్నదట. ఆ పిల్లకు ఇంగ్లీషు నేర్పు. ఇంటర్వ్యూకు ముందుగాల నా ఎదుట పరీక్ష పెట్టు. నువ్వు నెగ్గితే దసరా అయినంక పిల్లలందరిని పిలుస్త. నెగ్గకపోతే ట్యూషన్ మాట మర్చిపోవాలె.”

అరుణాదేవి ఆయన కళ్లలోకి సూటిగా చూసి తల ఊపింది. పిల్లల్ని మళ్లీ ఆ గదిలోకి రప్పించాలంటే ఈ రేణుకను ఒడ్డున పడేయక తప్పదు.

ఆ రేణుక మామూలు మొద్దు కాదు. మొదట్లో అరుణాదేవి పాఠమంటూ పెద్దగా చెప్పింది లేదు. ఏదో ఒకటి చూపించేది, రేణుక ఇంగ్లీషులో చెప్పాలి. టీ గ్లాసు చూపిస్తే ‘హార్డ్ టీ’ అనేది. కిటికీలోంచి రోడ్డు చూపిస్తే ‘బిగ్ రోడ్డు’ అనేది. తప్పు వింటే ఊరుకునే ప్రాణం కాదు అరుణాదేవిది. ముఖం ఎర్రబడేది, పెదవులు బిగుసుకునేవి, చివరికి ‘స్ట్రాంగ్ టీ’ అని ఒక్క అరుపు అరిచేది. నేర్చుకున్నది తెల్లారేసరికి మర్చిపోయి, రేణుక మళ్లీ ‘హార్డ్ టీ’తో హాజరయ్యేది. ఇంకొకరైతే ఎప్పుడో చేతులెత్తేసేవారు.

“బిగ్ అనే మాటకు ఇంకేమున్నయి మేడం?” రేణుక అడిగింది.

“లార్జ్. హ్యూజ్...” అరుణాదేవి ఆగింది. “తర్వాతది నువ్వు చెప్పు.”

“నాకు రాదు మేడం. మీరే చెప్పాలె.”

రేణుక చూపు తిప్పకుండా ఓపికగా కూర్చుంది.

“...వాస్ట్,” అంది అరుణాదేవి. “ఎనార్మస్.”

“అబ్బ! మీరు ఆగి ఆగి చెప్తే మంచిగ బుర్రకెక్కుతది మేడం.”

“ఏడ ఎక్కింది? నా సర్వీసుల నీ అసొంటి పిల్లను చూడలే!”

తిట్టు తిన్న రేణుక ముఖం వెలిగిపోయింది. సిగ్గూ ఎగ్గూ లేని పిల్ల అనుకుంది అరుణాదేవి.

పరీక్ష రోజు రానే వచ్చింది. ముకుందం దుకాణం షట్టరు దించి పైకొచ్చి మూలన కూర్చున్నాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

“మీకెందుకు భయం? పరీక్ష ఆ పిల్లకు!” అంది అరుణాదేవి.

“ఇంటర్వ్యూల టకటక అడుగుతరట మేడం,” అంది రేణుక. “మీరు గూడ నడుమ ఆగొద్దు.”

“ఆగుడే లేదు. పెద్ద గొంతు?”

“లౌడ్ వాయిస్.”

“పెద్ద అక్షరాలు?”

“క్యాపిటల్ లెటర్స్.”

“పెద్దక్క?”

“ఎల్డర్ సిస్టర్.”

“పెద్ద రోడ్డు?”

“మెయిన్ రోడ్డు.”

“తప్పు చేసిన. ఇది ఎట్ల చెప్తవ్?”

“ఐ డిడ్ ఎ మిస్టేక్.”

అరుణాదేవి కుర్చీలోంచి లేచిపోయింది.

“డిడ్ కాదు, మేడ్! మేక్ ఎ మిస్టేక్, మేక్ ఎ నాయిస్, మేక్ ఎ ప్రామిస్. ప్రామిస్ తప్పితే బ్రేక్. హోంవర్క్ అయితే డూ. జలుబు చేస్తే క్యాచ్ ఎ కోల్డ్, గమ్మున కూసుంటే కీప్ క్వయిట్. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క జోడీ ఉంటది పిల్లా, ఎవరి జోడీ వాళ్లకు కలపాలె, ఇంకొకరితోని కలిపితే ఇంగ్లీషు ఒప్పుకోదు!”

ఎక్కడా ఆగలేదు. రేణుక ముకుందం వైపు తిరిగి చూసింది.

“పాయె,” అంది అరుణాదేవి నీరసంగా. “తప్పు చెప్పింది.”

ముకుందం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

“దసరా దాక ఎందుకు అరుణా? సోమారం నుంచే పిల్లలను రమ్మంట.”

“మరి తప్పింది కద?”

“ఒక్కటే కద. అది నాకు లెక్క లేదు.”

అరుణాదేవి ఒక్క క్షణం నమ్మలేకపోయింది. తర్వాత సంతోషం పట్టలేక రేణుక వీపు మీద ఒక్కటి వేసింది.

“చూసిన్రా? ఎంత మొద్దుదైనా నా చేతిల పడితే మాట్లాడాల్సిందే!”

“నిజమే మేడం,” అంది రేణుక. “మీరు మాట్లాడుతుంటే ఇంక వినబుద్ధి అయితది.”

“జర ధైర్యంగ పో. ఇంటర్వ్యూల ‘బిగ్ రెయిన్’ అని నా పరువు తియ్యకు!”

ముకుందం రేణుకను సాగనంపడానికి కిందికి దిగాడు. షేర్ ఆటో వచ్చి ఆగింది. మేడ మీద నుంచి, ఎదురింటి వాళ్లకు ట్యూషన్ కబురు చెబుతున్న అరుణాదేవి గొంతు ఖంగుమని వినబడుతోంది. అది విని ముకుందం రేణుకకు రెండు చేతులూ జోడించాడు.

“డాక్టరమ్మా, పక్షవాతం తీసుకపోయిన మాటను మళ్ల తెచ్చిచ్చిన్రు.”